నామినీ గడిలో పేరు

మా స్కూటరుకు ఇన్సూరెన్సు డబ్బు వచ్చిన సాయంత్రం మా ఆయన మైసూర్‌పాకు పొట్లంతో ఇంటికి వచ్చారు.

కొన్ని రోజుల ముందు కొత్తగూడ చౌరస్తా దగ్గర కంకర మీద ఆ బండి జారి పడింది. మాదాపూర్ వైపు రోడ్లు వెడల్పు చేస్తున్నారు కదా, పొద్దున వెళ్లిన దారి సాయంత్రానికి అక్కడ ఉండదు. బండితోపాటు ఆయనా పడ్డారు. మా ఇంటి ఓనరు లింగమూర్తి అదే దారిలో వస్తూ చూసి, ఆయన్ని ఆటోలో లింగంపల్లిదాకా తీసుకొచ్చి గేటు ముందు దింపాడు.

"దవాఖానకు పోదామంటె సారు ఇనలే మేడం. ఫికర్ చెయ్యకుండ్రి, పైపైన తోలు లేచింది, గంతే," అన్నాడు.

మోచేతికి, మోకాలికి నేను పసుపు రాసి కట్టు కట్టాను. మర్నాడు స్కూటరును చూడడానికి కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. హెడ్‌లైటు చూశాడు. మడ్‌గార్డు చేత్తో తడిమాడు. హ్యాండిల్ ఎంత వంకరపోయిందో ఒక కన్ను మూసి మరీ చూశాడు. చివరికి ఫొటో తీయబోతూ, పక్కనే చేతికి కట్టుతో నిలబడిన మా ఆయనతో, "కొంచెం పక్కకు జరగండి సార్, మీ నీడ పడుతోంది," అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. తర్వాత గ్లాసులు కడుగుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. బండికి బీమా ఉంది. దాన్ని నడిపే మనిషికి లేదు.

మా ఇంట్లో పాలసీలు లేక కాదు. మా అమ్మాయి కావ్య మూడో తరగతి. దాని చదువుకొకటి, పెళ్లికొకటి ఉన్నాయి. నా మీద ఒకటి ఉంది, నేను పైసా సంపాదించకపోయినా. సంపాదించే ఒక్క మనిషి, మధుసూదన్ అనే మా ఆయన మీద మాత్రం ఏమీ లేదు. ఎందుకు లేదంటే, మా అత్తమ్మ పార్వతమ్మగారికి ఇష్టం లేదు.

అంతకుముందు దీని గురించి నేను పెద్దగా ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఆయనది ప్రభుత్వోద్యోగం, లెక్కల శాఖలో కంప్యూటరు విభాగం. జీతం తక్కువే అయినా వెనకాల పింఛను ఉంది. ఆయనకేమైనా అయినా ఆ పింఛనులో భాగం ఇంటికి వస్తుంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మామగారు కడప దగ్గర ఊళ్లో స్కూలు మాస్టరు. ఆయన పోయిన నాటినుంచి అత్తమ్మకు ఫ్యామిలీ పింఛను వస్తోంది.

ఈ ఏడాది ఎండాకాలంలో మా ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తికమకపడతాయట. పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్లకు హఠాత్తుగా గిరాకీ వచ్చింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్లు మూడింతల జీతమిస్తామన్నారు. సర్వీసు సరిపోలేదు కాబట్టి పింఛను రాదు, పీఎఫ్ డబ్బు మాత్రం చేతికి ఇచ్చారు.

"పింఛను లేని ఉద్యోగం ఉద్యోగమేనారా?" అని అత్తమ్మ వారం రోజులు సణిగింది. తర్వాత ఒక ఆదివారం ఆయన ఆమెను తీసుకెళ్లి, తన ఆఫీసు భవనం బయటినుంచి చూపించుకొచ్చారు. తిరిగొచ్చి, "అన్నీ అద్దాలే ఉమా! తుడిచేటోళ్లకు ఎంతిస్తాండారో కనుక్కో, ఆ ఉద్యోగం ఎప్పటికీ ఉంటాది," అంది.

నిజానికి నా భయమూ అదే. జనవరి దాటి, కంప్యూటర్లు తికమకపడకుండా ఉంటే, ఆ తర్వాత ఈ కంపెనీలో ఏం పని ఉంటుందో ఆయనకే తెలియదు. నేను ప్రొద్దుటూరులో బీకాం చదివాను. ఇన్నాళ్లూ అది పాలవాడి లెక్కకు తప్ప పనికిరాలేదు. ఇప్పుడు మాత్రం కూరగాయలు తరుగుతూ ఆలోచిస్తే ఒకటే తేలుతోంది: మేం ముగ్గురం ఒకే కొక్కేనికి వేలాడుతున్నాం. ఆ కొక్కేనికి డిసెంబరులో నలభై నిండుతాయి. నిండితే ప్రీమియం పెరుగుతుంది. ఈలోగా ఆయన చేత సంతకం పెట్టించాలి.

రామ్మోహనరావుగారికి కబురు పంపాను. మా మిగతా పాలసీలన్నీ రాసింది ఆయనే. కాకినాడవైపు మనిషి. తలుపు గాలికి కదిలినా లేచి నిలబడేంత మర్యాద. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళకు సరిగ్గా వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"మధుసూదన్‌గారూ, తమరికి తెలియనిది కాదండి. మనిషన్నాక రేపెలా ఉంటుందో చెప్పలేం కదండి. ఒకవేళ..."

"కాఫీలో చక్కెర సరిపోయిందా నాయనా?" అంది అత్తమ్మ, వంటింటి గుమ్మంలోనుంచి.

"అమృతమండి అమ్మా. అదే నేను అంటున్నదీ, ఒకవేళ భగవంతుడి దయ తప్పి..."

"దీపాలు పెట్టే యాల ఇది. తథాస్తు దేవతలు ఇంటిచుట్టూ తిరుగుతాంటారు. ఏదన్నా మంచిమాట మాట్లాడు."

"మంచిమాటేనండి అమ్మా," అన్నారాయన కంగారుగా. "మరేం లేదండి. మధుసూదన్‌గారికి ఎప్పుడైనా... ఏదైనా... అసౌకర్యం కలిగితే..."

"అసౌకర్యం అంటే ఏంటి అంకుల్?" అంది కావ్య.

రామ్మోహనరావుగారు నావైపు, అత్తమ్మవైపు చూసి, "రైలు తప్పిపోవడం లాంటిదమ్మా," అన్నారు.

"రైలు తప్పిపోతే డబ్బులిస్తారా?"

"ఇస్తారమ్మా."

"మరి మొన్న స్కూలు బస్సు తప్పిపోతే అమ్మ నన్ను తిట్టిందే?"

మా ఆయన పగలబడి నవ్వారు. ఆయన నవ్వితే ఆ సంగతి అక్కడితో సరి. రామ్మోహనరావుగారు రెండో కాఫీ తాగి, మూడుసార్లు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆదివారం పగటిపూట రమ్మన్నాను. పగలు తథాస్తు దేవతలు ఉండరు కదా అని నా లెక్క. వచ్చారు. ఆయన సంచీ జిప్పు లాగేలోపు అత్తమ్మ క్యాలెండరు దగ్గర నిలబడి, రాహుకాలం వస్తుందని చెప్పింది. రాహుకాలం పోయేదాకా కూర్చుంటానన్నారాయన. అది పోయేసరికి, కార్తీకమాసంలో ఇట్లాంటి మాటలు ఎత్తకూడదంది. కార్తీకం మొదలయింది నిన్నగాక మొన్న.

"నువ్వు అమ్మను ఒప్పించు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను," అన్నారు మా ఆయన, ఏజెంటును సాగనంపి వచ్చాక.

"ఆవిడ మీ అమ్మగారు. ఒప్పించాల్సింది మీరు."

"నేను చెప్తే కంప్యూటరు వింటుంది. అమ్మ వినదు. ఆవిడ మనసు కష్టపెట్టి మాత్రం నేను పెట్టను, ఉమా. నన్ను పెంచడానికి ఎంత పడిందో నాకు తెలుసు."

ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. ఆయన అన్నదంతా నిజమే. నిజమే అయినంత మాత్రాన కావ్య ఫీజు ఎవరూ కట్టరు.

ఆ సాయంత్రం కిరాయి కోసం లింగమూర్తి వచ్చినప్పుడు మాటల్లో సంగతి తెలిసి, ఆయన కూడా తన సలహా ఇచ్చాడు.

"ఇన్సూరెన్సు ఎందుకు సార్? మీకొచ్చిన పీఎఫ్ పైసలు తీస్కపోయి ఖాజాగూడ దిక్కు జాగ కొనుండ్రి. ఇప్పుడు ఆడ రాళ్లు, చెరువు తప్ప ఏమున్నదంటరు. ఇగ చూస్తుండుండ్రి. గా రాళ్లే రేపు మీ బిడ్డకు బంగారమైతయ్."

మా ఆయన కళ్లు మెరిశాయి. మగవాళ్లకు స్థలం మాట చెప్తే చాలు, మనసులో అప్పుడే ఇంటికి రంగులు వేసేస్తారు.

"కొనొచ్చు. బంగారమూ కావచ్చు," అన్నాను. "కానీ మీరు లేని నెల స్కూలువాళ్లు ఫీజడిగితే రాళ్లు తీసుకోరు."

"మీరు లేని నెల" అని ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి. లోపల పూజగదిలో గంట గట్టిగా మోగింది. అత్తమ్మ విన్నది.

రామ్మోహనరావుగారు ఫోనులో ఇంకో ఉపాయం చెప్పారు. "అమ్మగారికి తెలియనివ్వద్దండి. కాగితాలన్నీ సారు ఆఫీసు చిరునామాకే పంపిద్దాం. చాలామంది అలాగే చేస్తారండి." వద్దన్నాను. అత్తమ్మకు రోజూ అన్నం వడ్డిస్తూ, ఆవిడ కొడుకు గురించిన కాగితం ఆవిడకు తెలియకుండా ఇంకోచోట దాచడం నా వల్ల కాదు. మంచితనం అని కాదు, నాకు అలాంటివి గుర్తుంచుకుని మెలగడం రాదు. అబద్ధాన్ని కూడా వారం వారం దులిపి సర్దుకోవాలి.

నవంబరులో పింఛనుదారులు బ్యాంకుకు వెళ్లి తాము బతికే ఉన్నామని సంతకం పెట్టి రావాలి. పెట్టకపోతే పింఛను ఆగిపోతుంది. అత్తమ్మకు ఇది ఏటేటా వచ్చే వేడుక. బీరువా అడుగు నుంచి గంజిపెట్టిన వెంకటగిరి చీర తీస్తుంది. మొహానికి పౌడరు రాసుకుంటుంది. మామూలుగా మా ఆయన తీసుకెళ్లేవారు. ఈసారి ఆఫీసులో సెలవు దొరకలేదు కాబట్టి నేను వెంట వెళ్లాను.

లింగంపల్లి బ్యాంకులో అప్పటికే పింఛనుదారులు బల్లల మీద నిండిపోయారు. చిత్తూరు జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరై, కూతురి దగ్గర ఉంటున్న మునిస్వామిగారు అత్తమ్మను చూస్తూనే కర్ర ఎత్తి పలకరించారు.

"ఏం పార్వతమ్మా, ఇంకా ఉండావా?"

"ఉండానప్పా. నువ్వు పోయినావని ఎవరో చెప్తే నేను నమ్మలా. ఆ ఫ్యాను కింది కుర్చీ నువ్వు ఇంకొకరికి ఇచ్చే రకం కాదులే అనుకున్యా."

"పోయిన ఏడు నా పక్కన కూర్చునే ఎక్సైజు ఆయన పోయినాడు, తెలుసునా?"

"అయ్యో! ఎట్లా?"

"నిద్దర్లోనే. పుణ్యాత్ముడు. ఇంట్లో వాళ్లను కాఫీ కూడా అడగలా."

"మంచి చావు. మనకు కూడా అట్లనే రావల్ల," అంది అత్తమ్మ. చుట్టూ ఉన్నవాళ్లందరూ తలలూపారు. ఎవరు ఎలా పోయారు, ఎవరికి ఎన్ని రోజులు మంచంలో గడిచాయి, ఎవరి పిల్లలు బాగా చేశారు అన్న కబుర్లు అక్కడ పెళ్లి భోజనాల సంగతుల్లా సాగాయి. నేను చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

కౌంటరులో ఉన్న కుర్రాడు ఆవిడ పేరు పిలిచాడు. ఫ్యామిలీ పింఛను కాబట్టి కాగితాలు రెండు.

"అమ్మా, ఇక్కడ బతికి ఉన్నట్టు పెట్టండి. ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకోలేదని పెట్టండి."

అత్తమ్మ కలం పట్టుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. "యాడాదికోసారి అడుగుతాండావు గానీ, ఎప్పుడన్నా ఒక్క సంబంధం చూసినావా నువ్వు?"

బల్లల మీద నవ్వులు. మునిస్వామిగారు కర్రతో నేలమీద తాళం వేశారు. కుర్రాడు ఎర్రబడిపోయి ముద్ర రెండుసార్లు కొట్టాడు.

ముద్ర పడిన కాగితం మీద మేనేజరు సంతకం పెట్టించుకుని వచ్చేదాకా ఆగమన్నారు. గోడవారన బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. అడిగితే ఇప్పుడే అడగాలనిపించింది.

"అత్తమ్మా, ఇందాకటి నుంచి ఇక్కడ అందరూ పోవడం గురించే మాట్లాడుతున్నారు. మీరు కూడా."

"ముసలోళ్లం. ఇంకేం మాట్లాడతాం?"

"తథాస్తు దేవతలు బ్యాంకులోకి రారా?"

ఆవిడ చప్పున నావైపు చూసింది. "పగలు కదమ్మే."

"ఆదివారం కూడా పగలే కదా."

ఆవిడ చీర కొంగు తీసి చేతిలో మడిచింది, విప్పింది. ఇంటికి వెళ్లాక నాతో మాట్లాడదేమో అనుకున్నాను. అడిగినందుకు మాత్రం వెనక్కి తగ్గదలుచుకోలేదు.

"దేవతలూ లేరు, ఏమీ లేదు," అంది చివరికి. "వానికి ఉద్యోగం వచ్చిన కొత్తలో, పెండ్లి కాకముందు, ఒకాయన ఇంటికొచ్చినాడు. ఇట్లనే కాయితం తెచ్చినాడు. మధు సంతోషంగా రాస్తాన్యాడు. నేను మజ్జిగ తీసుకొచ్చి వాని భుజం మీంచి తొంగిచూసినా. 'డబ్బు ఎవరికి ఇయ్యాల' అని అడిగినాడు ఆయన. వీడు ఆ గడిలో పార్వతమ్మ, తల్లి అని రాసినాడు."

"నామినీ."

"అదే, ఏదో ఒకటి. మీ మామ పోయినందుకు నెలనెలా తీసుకుంటనే ఉండా. మొదటి నెల తెచ్చుకున్నప్పుడు ఆ నోట్లు బీరువాలో పెట్టల్లంటే కూడా చెయ్యి రాలేదు. అయినా తీసుకున్యా. పిల్లోన్ని సదివించల్ల కదా. ఇంక ఆ పిల్లోనిది కూడా నువ్వే తీసుకో అని నా పేరు రాస్తే... ఎట్లమ్మే? రాహుకాలమని చెప్పి ఆయన్ను పంపిచ్చేసినా."

పక్కన మునిస్వామిగారు ఎవరికో తన కంటి ఆపరేషన్ సంగతి చెబుతున్నారు. ఇన్నాళ్లూ నేను ఆవిడ క్యాలెండరుతో పోట్లాడాను. ఆవిడ పోట్లాడుతున్నది ఒక గడితో.

"ఇప్పుడు ఆ గడిలో రాసేది మీ పేరు కాదు అత్తమ్మా," అన్నాను. "నా పేరు."

ఆవిడ నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. ఈ సంగతి ఆవిడకు ఎప్పుడూ తట్టలేదని ఆ చూపులోనే తెలిసింది. కొడుకుకు పెళ్లయి పదకొండేళ్లయినా, ఆవిడ మనసులో ఆ గడిలో తన పేరే ఉండిపోయింది.

"నీకేం అనిపిచ్చదా?"

"అనిపిస్తుంది. కానీ రాయకపోతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. మీకు ఆ పింఛను రాకపోయి ఉంటే ఆయన చదువు ఏమయ్యేది?"

"ఏమయ్యేదేముంది, ప్రొద్దుటూరు బట్టలంగళ్లలో మూటలు మోస్తాంటాడు," అంది వెంటనే.

"ఆ పింఛను కావ్యకు లేదు. ఉన్నదాన్ని ఆయన వదిలేసి వచ్చారు."

ఇంతకంటే మెత్తగా చెప్పే దారి ఉందేమో నాకు తెలియదు. కుర్రాడు వచ్చి రసీదు అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని సంచీలో సర్దుకుని, లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"ఆ గోదారాయన్ను శనివారం పొద్దున్నే రమ్మను," అంది. "టిఫిను ఈడే తినమని చెప్పు. వట్టి కడుపుతో వస్తే మాట ముందుకు పోదు ఆయనకు."

శనివారం రామ్మోహనరావుగారు కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. మా ఆయనకు సంగతి చెప్పాను కానీ ఆయన నమ్మలేదు. తల్లి ఏ నిమిషంలో క్యాలెండరు తీస్తుందోనని ఆమె చేతులవైపే చూస్తున్నారు. అత్తమ్మ బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీలు పెట్టి, తనూ ఒక కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

"ఊఁ, చెప్పు నాయనా."

రామ్మోహనరావుగారు గొంతు సవరించుకున్నారు. "అదేనండి, ఒకవేళ మధుసూదన్‌గారికి ఏదైనా అసౌకర్యం..."

"పోతే అను. బ్యాంకులో మేమందరం అట్లనే అంటాం."

ఆయనకు నోట్లో బజ్జీ అడ్డం పడింది. నీళ్లు తాగి తేరుకున్నాక కాగితాలు పరిచారు. ప్రశ్నలు ఒక్కొక్కటే చదవడం, మా ఆయన చెప్పడం, ఆయన రాయడం. తండ్రి ఉన్నారా? లేరు. ఏ వయసులో పోయారు? దేనివల్ల?

మా ఆయన కొంచెం ఆలోచించారు. అత్తమ్మ ఆలోచించలేదు.

"నలభై రెండు. గుండెనొప్పి," అంది. "బడినుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటా పడిపోయినాడు."

అప్పటిదాకా నవ్వుతున్న మా ఆయన తలెత్తారు. ఆ వయసు ఆయనకు తెలియక కాదు. నలభై రెండంటే తనకు ఎంత దూరమో ఎప్పుడూ చూసుకోలేదు, అంతే. తర్వాత ఆయన సరదా మాటలు ఆపి, అడిగినవాటికి బుద్ధిగా సమాధానాలు చెప్పారు.

"తల్లిగారి ఆరోగ్యం?" అన్నారు రామ్మోహనరావుగారు.

"రాయిలాగుండా అని రాయి. మోకాళ్ల సంగతి రాయొద్దు. వానికి రేటు పెంచుతారు."

"మీ మోకాళ్లకి సారు ప్రీమియం పెరగదండి అమ్మా."

"ఉన్నది ఉన్నట్టు రాయండి," అన్నాను నేను. "రేపు ఎవరైనా కాగితం తిరగేసినా ఒక్క అక్షరం తప్పని అనకూడదు."

ఇంక మొత్తం ఎంతకు అన్న దగ్గర చిక్కు వచ్చింది.

"రెండు లక్షలకు రాద్దామా అండి?" అన్నారాయన.

"రెండు లక్షలా?" అత్తమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఖాజాగూడలో లింగమూర్తి చూపిచ్చే రాళ్లకే అంతకన్నా ఎక్కువ చెప్తాండారు. నా కొడుకు రాళ్లకన్నా తక్కువా?"

"అమ్మా, మొత్తం పెరిగితే కట్టేది కూడా పెరుగుతుందే. కట్టాల్సింది నేనే," అన్నారు మా ఆయన.

"కట్టు. అద్దాలమేడలో కూర్చోబెట్టి ఊరికే ఇస్తాండారా జీతం? పది లక్షలు రాయి నాయనా."

"పదా! మూడు చాలమ్మా."

"వాని మాట వినొద్దు. చిన్నప్పటినుంచీ వానికి వాని విలువ తెల్దు. తొమ్మిది."

లింగంపల్లి మార్కెట్టులో ఈ తల్లీకొడుకులు చింతపండు బేరం చేయడం నేను చాలాసార్లు చూశాను. ఎప్పుడూ ఇద్దరూ ఒకవైపు ఉండేవారు. రామ్మోహనరావుగారు ఒకసారి ఇటు, ఒకసారి అటు తల తిప్పుతూ, మర్యాదగా కలం మూత పెట్టేశారు. నేను లేచి, కూరల లెక్క కోసం వాడే కాగితం వెనకవైపు ఇంటి ఖర్చూ, కిరాయీ, కావ్య డిగ్రీదాకా ఫీజులూ వేసి చూశాను. జీతంలోంచి ఎంత తీస్తే నెల గడవడానికి ఇబ్బంది రాదో అదీ చూశాను.

"ఐదు," అన్నాను. "పీఎఫ్ డబ్బులో సగం మన ముసలితనానికి పింఛను పథకంలో వేద్దాం. మిగతా సగంతో మీరు రాళ్లు కొనుక్కుంటారో, చెరువు కొనుక్కుంటారో మీ ఇష్టం."

"చెరువు కొంటే ఈత నేర్చుకోవచ్చు నాన్నా," అంది కావ్య.

అత్తమ్మ ఐదుకు ఒప్పుకుంది కానీ, ఇంకో మాట అంది. "నా మీద కూడా ఒకటి రాయి నాయనా. ఆ గడిలో మధు పేరు రాయి. వాడు తీసుకుంటే సబబుగా ఉంటాది."

రామ్మోహనరావుగారు చేతులు నలుపుకున్నారు. "తమరి వయసుకు... కంపెనీవారు... ఇవ్వరండి అమ్మా."

"ఏం? నేను పోతానని భయమా వాళ్లకు? మొన్ననే కదా బతికుండానని బ్యాంకులో రాసిచ్చొచ్చినా!"

ఆ సంగతి ఆయన ఎంత నచ్చజెప్పినా ఆవిడ కోపం పూర్తిగా పోలేదు. అరవై దాటినవాళ్లను లెక్కలోంచి తీసేసే కంపెనీ వ్యాపారం ఎన్నాళ్లు చేస్తుందో చూస్తానంది.

చివరికి ఆ గడి వచ్చింది. రామ్మోహనరావుగారు కలం నాకిచ్చారు. పేరు తప్పులు పోకుండా మీరే రాయండన్నారు. పి. ఉమాశ్రీ, భార్య. రాస్తున్నప్పుడు అత్తమ్మ నా భుజం మీదుగా వంగి చూసింది. రాయడం అయ్యాక, వంకర పోయిందేమో అన్నట్టు ఆ కాగితాన్ని బల్ల మీద వేలితో కొంచెం సరిచేసింది. మా ఆయన సంతకం పెట్టారు.

"ఇక సోమవారం డాక్టరుగారి పరీక్ష ఉంటుందండి," అన్నారు రామ్మోహనరావుగారు కాగితాలు సంచీలో పెట్టుకుంటూ. "ఏమీ కంగారు లేదండి. మూసాపేటలో మా డాక్టరుగారే. బరువు చూస్తారు, బీపీ చూస్తారు. సారు ఈమధ్య కొంచెం ఒళ్లు చేశారు కాబట్టి ఏమైనా అంటారేమో, అంతేనండి."

అత్తమ్మ మా ఆయన పొట్టవైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది; ఆయనకు కాలేదు.

మధ్యాహ్నం భోజనానికి రామ్మోహనరావుగారిని ఉంచేశాం. వేడి అన్నం, పప్పు, గోంగూర. అత్తమ్మ నేతిగిన్నె పట్టుకుని వరసగా వడ్డిస్తూ వచ్చింది. రామ్మోహనరావుగారికి ధారగా పోసింది. కావ్యకు వేసింది. నాకు వేసింది. మా ఆయన విస్తరి దగ్గరకు వచ్చి, ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది.

"అమ్మా, నెయ్యి?"

"నీకు లేదు."

"ఎందుకు లేదు?"

"కట్టేది నువ్వు కట్టు. ఆ డబ్బు ఈ ఇంటికి రాకుండా చూసుకునేది నేను." గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పైఅరలో పెట్టేసింది. "పొద్దున కూడా స్కూటరు వద్దు. బస్సు స్టాపుదాకా నడువు."

మా ఆయన పొడిపప్పు అన్నం చేత్తో కలుపుతూ నావైపు తిరిగారు. నలభయ్యో ఏట కూడా ఆయన మొహంలో అన్యాయం జరిగిన పిల్లవాడి చూపు వస్తుంది.

"ఉమా, నువ్వైనా చెప్పు."

"నేను నామినీనండీ," అన్నాను. "ఈ విషయంలో నేను మాట్లాడితే బాగుండదు."